గాదెకాపరి

ఇబ్రహీంపట్టణపు పెద్దచెరువు గోలకొండప్రభువగు ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550–1580) నాటిది. చెరువునీట వరి పండును. వరితో గాదె నిండును. నిండిన గాదెకు ఎలుక చేరును. ఎలుక వెంట పిల్లి వచ్చును. ఈ చెలిమి మిగుల ప్రాచీనము. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరములనాటి సమాధిలో మనుజునిచెంతనే పూడ్చబడిన పిల్లిని గూర్చి శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిరి.

1896లో బొంబాయిని పట్టిన ప్లేగు 1911లో హైదరాబాదును బాధించెను. ఎలుకల మేనిపురుగులే ఆ వ్యాధిని వ్యాపింపజేయునని సిమాండు 1898లో కనుగొనెను. పిల్లులను పెంచినచో ప్లేగు తగ్గునని వైద్యుడు బుకానన్ 1908లో వ్రాసెను. పిల్లికిని ప్లేగు సోకునని నేడెరుగుదుము. అయినను అది ధాన్యమును కాచిన మాట సత్యము.

ఇంతటి కాపరి యెదురైనచో అపశకునమని వెనుదిరుగుదుము. దాని కూనలను గోనెసంచిలో కట్టి ఊరిబయట విడుతుము. ఇది యే ధర్మము? గాదెలు నేడరుదైనవి, పని తీరినదని పనివానిని వెడలగొట్టుట కృతఘ్నత. పిల్లికి బిచ్చము పెట్టనివాడని లోభిని నిందించు మనము పిడికెడన్నము, రేబీసు టీకా, సంతానము మితిమీరకుండ శస్త్రచికిత్స, ఈ మూడింటిని దానికి సమకూర్పలేమా?