చేతికి చట్టం కట్టిన వెల: ఏటికొప్పాక వృత్తుల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వరాహ నదీతీరంలోని ఏటికొప్పాకకు రెండు వృత్తులు గుర్తింపు తెచ్చాయి. అంకుడు కర్రను లేత్‌పై తిప్పి, ఉలితో మలచి, లక్క రంగులద్దే బొమ్మల తయారీ మొదటిది; దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1933లో సహకార రంగంలో ఏర్పడిన చక్కెర కర్మాగారం రెండవది. రెండుచోట్లా తిరిగే యంత్రానికి చెయ్యి అతి సమీపంలో పనిచేస్తుంది. అయినా వేలు తెగిన తరువాత ఈ ఇద్దరు శ్రామికులకు మిగిలే మార్గాలు ఒకటి కావు. ఆ భేదానికి మూలం గాయం కాదని, యజమాని ఉండటం, లేకపోవటమేనని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. అవయవాల పట్టిక

1923 నాటి కార్మిక పరిహార చట్టం 1924 జూలై 1న అమలులోకి వచ్చింది. పనిలో, పని కారణంగా గాయపడిన కార్మికుడు యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనవసరం లేకుండానే పరిహారం కోరే వీలు దీనివల్ల కలిగింది. చట్టంలోని మొదటి షెడ్యూలు అవయవ నష్టాన్ని సంపాదనాశక్తి నష్టంగా శాతాలలో లెక్కకట్టింది. తొలి పట్టికలో బొటనవేలికి 25, చూపుడువేలికి 10 శాతం. మోచేతి వద్ద గాని, ఆపైన గాని కుడిచేయి పోతే 70, ఎడమచేయి పోతే 60. తరువాతి సవరణలలో బొటనవేలు 30కి, చూపుడువేలు 14కి పెరిగాయి. కుడి ఎడమల తేడా తొలగిపోయింది.

ఈ పట్టిక వేలిని చూస్తుంది గాని, ఆ వేలు చేసే పనిని చూడదు. ఈ లోపాన్ని 1975లో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సరిదిద్దింది. విశాఖ మన్యానికి పొరుగునే ఉన్న కోరాపుట్ జిల్లా జయపురంలో, సినిమా హాలు పనిలో కిందపడి ఎడమచేయి పోగొట్టుకున్న వడ్రంగి వ్యవహారమది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతనిది సంపూర్ణ అశక్తతేనని, పరిహార బాధ్యత ప్రమాదం జరిగిన నాటినుంచే మొదలవుతుందని న్యాయస్థానం తేల్చింది.

3. చక్కెర కార్మికుడు

చెరకును నరికే కత్తులు, పిండే రోలర్లు, మోసుకెళ్లే గొలుసులు చక్కెర మిల్లులో ప్రమాదస్థానాలు. ఇటువంటి యంత్రభాగాలకు రక్షణ కవచం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 21వ సెక్షన్ నిర్దేశించింది. కాని ఆ కవచాన్ని కార్మికుడే ఉద్దేశపూర్వకంగా తొలగించాడని రుజువైతే, వేలు తెగడం వంటి పాక్షిక అశక్తతకు యజమాని పరిహారం చెల్లించనవసరం లేదని 1923 చట్టం మినహాయింపునిచ్చింది.

మరొక పరిమితి కూడా ఉంది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం శాశ్వత అశక్తతకు జీవితాంతం నెలనెలా భత్యం, వైద్యం సమకూర్చింది. అయితే అది సీజనల్ కర్మాగారాలను పరిధినుంచి తప్పించింది. ఆ జాబితాలో చక్కెర, బెల్లం తయారీ పేర్కొనబడ్డాయి. అందువల్ల ఆ కోవకు చెందిన మిల్లు కార్మికునికి మిగిలింది పరిహార కమిషనర్ వద్ద రెండేళ్లలోగా దరఖాస్తు చేసి, ఒకేసారి వచ్చే మొత్తాన్ని పొందడమే.

4. బొమ్మల కళాకారుడు

లక్కబొమ్మ తయారీలో తిరుగుతున్న కర్రకు ఉలినీ, లక్కనూ చేత్తోనే ఆనించాలి. ఒరిపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. ఈ పనితనమంతా వేళ్లలోనే ఉంది. కూలికి పనిచేసేవారు యజమాని ఎవరో చూపగలిగితే చట్టాన్ని ఆశ్రయించవచ్చు. సొంత ఇంట్లో సొంత లేత్‌పై బొమ్మలు చేసి వ్యాపారికి అమ్మే కళాకారునికి మాత్రం చట్టం దృష్టిలో యజమాని లేడు. సుప్రీంకోర్టు వడ్రంగికి వర్తింపజేసిన న్యాయం వృత్తిరీత్యా అతనికి అత్యంత సన్నిహితం. అయినా దాన్ని అందుకునే ద్వారం అతనికి లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం యజమానితో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది; కాని అందులోని రిజర్వేషన్ వంటి ప్రధాన ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ధ్రువీకరణ కావాలి.

5. ముగింపు

పరిహార చట్ట చరిత్రలో యజమాని తప్పు నుంచి యజమాని బాధ్యతకు జరిగిన మార్పు ఒక ముందడుగు. ఆ బాధ్యత యజమాని దగ్గరే ఆగిపోవడం దాని హద్దు. ఏటికొప్పాకలో ఆ హద్దు ఒకే ఊరిని రెండుగా చీల్చింది. భౌగోళిక గుర్తింపు బొమ్మకు రక్షణ కల్పించింది. దాన్ని మలచిన చేతికి అంతటి రక్షణ ఇంకా ఏర్పడవలసి ఉంది.