మాదకద్రవ్య విధాన సంస్కరణ: అమెరికా పోలీసు అధికారుల ఉద్యమం

మాదకద్రవ్యాల నిషేధాన్ని ఏళ్ల తరబడి అమలు చేసిన అమెరికా పోలీసు అధికారులే ఆ నిషేధాన్ని ప్రశ్నిస్తూ నడిపిన ఉద్యమం ఇది. 2002లో ఏర్పడిన ‘లా ఎన్‌ఫోర్స్‌మెంట్ అగైనెస్ట్ ప్రొహిబిషన్’, క్లుప్తంగా ‘లీప్’, దీనికి ప్రధాన వేదిక. ఈ అధికారులు నేరస్థుల మీద జాలితో మాట మార్చారనుకుంటే పొరపాటు. అరెస్టు అనే ఆయుధం ఏ నేరాన్ని తగ్గిస్తుంది, దేన్ని తగ్గించలేదు అన్న వృత్తిగతమైన ప్రశ్నే వాళ్లను ఇటు నడిపించింది. వాళ్ల వాదన బలమంతా అందులోనే ఉంది.

పూర్వరంగం

ఈ ఆలోచన 2002లో కొత్తగా పుట్టింది కాదు. 1914 నాటి హారిసన్ చట్టం నల్లమందు, కొకెయిన్ అమ్మకాలను ఫెడరల్ ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధ కాలంలో దొంగసారా ముఠాలు బలిసి, లంచాలు పోలీసు శాఖలను లోపలి నుంచే తొలిచేశాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగర పోలీసు అధిపతిగా పనిచేసిన ఆగస్ట్ వోల్మర్ ఈ పరిణామాలన్నీ చూసినవాడు. వృత్తి శిక్షణ, శాస్త్రీయ దర్యాప్తు ప్రవేశపెట్టి ఆధునిక అమెరికా పోలీసు వ్యవస్థకు పితామహుడిగా పేరొందిన ఆయన, మత్తుకు బానిస కావడం వైద్యులు చూడాల్సిన సమస్యే గానీ పోలీసులు తీర్చగలిగేది కాదని 1936లోనే రాశారు. ప్రభుత్వాలు నడిచింది మాత్రం దీనికి వ్యతిరేక దిశలో. 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మాదకద్రవ్యాల వాడకాన్ని దేశానికి మొదటి శత్రువుగా ప్రకటించారు. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం 5 గ్రాముల క్రాక్ కొకెయిన్‌కూ 500 గ్రాముల పొడి కొకెయిన్‌కూ ఒకే ఐదేళ్ల కనీస శిక్ష పెట్టింది. క్రాక్ కేసుల్లో ఎక్కువగా పట్టుబడింది నల్లజాతీయులే కాబట్టి ఆ భారం వాళ్ల మీదే పడింది. 1970ల ఆరంభంలో రెండు లక్షల పరిధిలో ఉన్న రాష్ట్ర, ఫెడరల్ ఖైదీల సంఖ్య 2000ల చివరికి 16 లక్షలకు చేరింది. ఇదంతా మాదకద్రవ్యాల కేసుల వల్లే కాదు గానీ, వాటి వాటా పెద్దదే.

ఆవిర్భావం, వాదన

న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో కెప్టెన్‌గా పనిచేసి రిటైరైన పీటర్ క్రైస్ట్‌కు లీప్ ఆలోచన వచ్చింది. వియత్నాంలో పోరాడి వచ్చి ఆ యుద్ధాన్నే వ్యతిరేకించిన మాజీ సైనికుల సంఘం ఆయనకు నమూనా. స్థాపించిన ఐదుగురు అధికారుల్లో మరొకరు జాక్ కోల్. న్యూజెర్సీ రాష్ట్ర పోలీసు శాఖలో 26 ఏళ్లు చేసిన ఆయన, అందులో చాలా ఏళ్లు మారువేషంలో మాదకద్రవ్యాల ముఠాల మధ్యే గడిపారు. ఆ పని తీరు తెలిస్తే వాదన తేలిగ్గా అర్థమవుతుంది. మఫ్టీలో ఉన్న అధికారి వారాల తరబడి పరిచయం పెంచుకుని, నమ్మకం సంపాదించి, సరుకు కొని, అమ్మినవాణ్ణి పట్టిస్తాడు. ఇంత చేసినా ఈ అరెస్టు ఫలితం వేరు. అత్యాచారం చేసినవాణ్ణి జైల్లో పెడితే ఆ ఊళ్లో అత్యాచారాలు తగ్గుతాయి. మాదకద్రవ్యాలు అమ్మేవాణ్ణి పెడితే మాత్రం ఒక ఉద్యోగం ఖాళీ అవుతుంది, అంతే. కొనేవాళ్లు అలాగే ఉంటారు, లాభం అలాగే ఉంటుంది. ఖాళీ అయిన చోటు కోసం ముఠాలు కాల్చుకుంటే అరెస్టు వల్లే కొత్త హత్యలు జరుగుతాయి.

రెండో ఆధారం పోలీసుల సమయం. 2007లో మాదకద్రవ్యాల కేసుల్లో 18 లక్షలకు పైగా అరెస్టులు జరిగాయి. ప్రతి ఐదింటిలో నాలుగు కేవలం సరుకు దగ్గర ఉంచుకున్నందుకే. 1960ల తొలినాళ్లలో పదింట తొమ్మిది హత్యకేసులు ఛేదించినట్టు నమోదు చేసిన పోలీసు వ్యవస్థ 2000ల నాటికి సుమారు ఆరింటికి పడిపోయింది. ఈ పతనానికి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా తనిఖీలకు, రిమాండ్లకు, కోర్టు సాక్ష్యాలకు ఖర్చయిన గంటలు మరో దర్యాప్తుకు మిగలవన్నది కాదనలేని లెక్క.

విస్తరణ

‘మాదకద్రవ్యాలను చట్టబద్ధం చేయమని పోలీసులే అంటున్నారు, ఎందుకో అడగండి’ అనే అర్థమిచ్చే నినాదం ఉన్న టీషర్టులు వేసుకుని లీప్ వక్తలు రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో మాట్లాడారు. సియాటిల్ మాజీ పోలీసు అధిపతి నార్మ్ స్టాంపర్ గొంతు కలిపారు. మేరీలాండ్, బాల్టిమోర్ పోలీసు శాఖల్లో మూడు దశాబ్దాలకు పైగా చేసిన నీల్ ఫ్రాంక్లిన్ 2010లో సంస్థ సారథి అయ్యారు. బ్రిటన్‌లో నార్త్ వేల్స్ చీఫ్ కానిస్టేబుల్ రిచర్డ్ బ్రున్‌స్ట్రామ్ 2007లో పదవిలో ఉండగానే చట్టబద్ధీకరణను సమర్థించారు. 2012 నవంబర్‌లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు గంజాయిని చట్టబద్ధం చేశారు. 2017లో లీప్ తన పేరును ‘లా ఎన్‌ఫోర్స్‌మెంట్ యాక్షన్ పార్టనర్‌షిప్’గా మార్చుకుని శిక్షల తగ్గింపు, పోలీసులపై ప్రజల నమ్మకం వంటి అంశాలకు విస్తరించింది.

ఆక్షేపణలు, సమాధానాలు

వీళ్లలో ఎక్కువమంది రిటైరయ్యాకే ఎందుకు మాట్లాడారన్నది మొదటి ఆక్షేపణ. సర్వీసులో ఉన్నవాడు ఈ మాటంటే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. పైగా వాదన నిజమా కాదా అన్నది చెప్పిన కాలాన్ని బట్టి తేలదు. రెండోది బరువైనది: శిక్ష తీసేస్తే వాడకం పెరగదా? ఓరెగాన్ రాష్ట్రం స్వల్ప పరిమాణంలో దగ్గర ఉంచుకోవడాన్ని 2021లో నేరాల జాబితా నుంచి తీసేసి, వీధుల్లో బహిరంగ వాడకంపై జనాగ్రహం రేగడంతో 2024లో మళ్లీ చేర్చింది. ఈ వైఫల్యాన్ని దాటవేయకూడదు. అయితే అక్కడ శిక్ష ముందు పోయింది, చికిత్సకు నిధులు ఆలస్యంగా అందాయి. 2001లో అదే మార్పు చేసిన పోర్చుగల్, పట్టుబడినవాణ్ణి ప్రత్యేక సంఘాల ముందుకు పంపి చికిత్స వైపు నడిపే ఏర్పాటు కూడా చేసింది. సియాటిల్‌లో 2011లో మొదలైన ‘లీడ్’ పథకం మరో దారి చూపింది. చిన్న కేసులో దొరికినవాణ్ణి అధికారి లాకప్‌కు బదులు సహాయకుడికి అప్పగిస్తాడు. వసతి, చికిత్స, పని వెతికే బాధ్యత ఆ సహాయకుడిది. ఇందులో చేరినవాళ్లు తిరిగి అరెస్టయ్యే అవకాశం తక్కువని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. కాబట్టి శిక్ష ఎత్తేయడం సగం పనే. దాని చోట చికిత్సను నిలబెట్టడం మిగతా సగం.

మాదకద్రవ్యాలన్నిటినీ చట్టబద్ధం చేయాలన్న లీప్ తొలి డిమాండును అమెరికా అంగీకరించలేదు. అది సరైనదా కాదా అన్న చర్చ ఇంకా సాగుతోంది. కానీ పట్టుకున్న సరుకు కిలోల్లోనూ అరెస్టుల సంఖ్యలోనూ పోలీసు విజయాన్ని కొలవడం తప్పని ఈ అధికారులు తమ సర్వీసునే సాక్ష్యంగా పెట్టి నిరూపించారు. ఛేదించిన హత్యలు ఎన్ని, చావు నుంచి తప్పించిన ప్రాణాలు ఎన్ని అని అడగడం ఇకపై ఏ పోలీసు శాఖకైనా న్యాయమైన పరీక్ష.