తాలింఖానా నుండి వ్యాయామశాల వరకు

మూడేండ్ల క్రిందట మా తండ్రిగారి ఆబ్దికమునాడు నాకొక పరాభవము కలిగినది. పీటమీద కూర్చుంటిని. మంత్రము ముగిసినది. లేవబోయితిని, లేవలేకపోయితిని. ఒక చేయి పురోహితులవారును, ఒక చేయి మా తమ్ముడును పట్టి నన్ను లేవనెత్తిరి. అప్పటికి నాకు 58 యేండ్లు. ఏ తండ్రికి పిండము పెట్టుటకు కూర్చుంటినో, ఆ తండ్రి 70వ యేట గూడ ధాన్యపు బస్తాను భుజమున వేసికొని మెట్లెక్కినవాడు.

ఆనాటి సిగ్గే నన్ను విజయవాడలో మా యింటికి సమీపముననున్న యొక వ్యాయామశాలకు ఈడ్చుకొనిపోయినది. అది పట్టణపు క్రొత్త వేడుక యని తలచి లోనికి పోయితిని. నెల తిరుగకముందే నాకు తెలిసినదేమనగా, అందు క్రొత్తదనము కొంచెమే. గోడలకు అద్దములు వచ్చినవి, రాళ్లు పోయి ఇనుము వచ్చినది. కాని మూలమునకు పోయి చూచినచో అది మా తండ్రిగారు చిన్ననాట పోయిన తాలింఖానాయే. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచితిని.

మొదట పేరును విచారింతము. తాలీము అనునది అరబ్బీ మాట. శిక్షణ యని అర్థము. ఖానా యనునది పారసీక పదము. ఇల్లు అని అర్థము. కాబట్టి తాలింఖానా యనగా కండలు పెంచుచోటు కాదు, విద్య గరపు ఇల్లు. అందలి గురువును మనము వస్తాదు అందుము. ఉస్తాదు అను మాటకే అది తెలుగు రూపము. కుస్తీ యన్న మాటయు పారసీకమునుండి వచ్చినదే. పేళ్లు ఎక్కడినుండి వచ్చినను విద్య మాత్రము ఊరందఱిదై పోయినది. పీర్లపండుగకు కఱ్ఱసాము చేసిన చేతులే దసరాకును చేసినవి.

అట్లని ఆ పేళ్లకు పూర్వము మనవారికి ఈ విద్య లేదని తలంపరాదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాల చర్యను వ్రాసి యుంచినాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగును. అదే నూనె ఒడలికి పూయించుకొనును. మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తును. త్రాగిన నూనె యంతయు చెమటగా వెడలిపోవువరకు కత్తిసాము చేయును. ఆ పిమ్మట తన జెట్టీలలో నొకనితో కుస్తీ పట్టి, తరువాత గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు మైదానమున స్వారి చేయును. ఈ రాయలు మనకు దూరపువాడు కాడు. కళింగ దండయాత్రలో విజయవాడయందు కొన్నాళ్లు విడిసి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించినట్లు తన ఆముక్తమాల్యదలో తానే చెప్పుకొనినాడు. పాయెస్ వ్రాతలో నాకు ముఖ్యముగా తోచినది బరువుల మాట కాదు. అంతటి చక్రవర్తియు ఒంటరిగా సాధన చేయలేదు. జెట్టియొకడు ఎదుట నుండవలసివచ్చినది.

ఇక మన డెల్టాకు వత్తము. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు త్రవ్వబడినవి; మెరక మాగాణియైనది. మా తండ్రిగారి కాలమున డెల్టా మనుష్యునకు ప్రత్యేకముగా వ్యాయామ మెందుకని యడుగవచ్చును. దమ్ము, నాట్లు, కోత, నూర్పు, బస్తాల మోత, ఇంటిలో రోకలి, తిరుగలి — ఇవి చాలవా? చాలవని మా తండ్రిగారి అభిప్రాయము. పని ఒడలిని అరుగదీయును, సాము దానిని తీర్చిదిద్దును అని ఆయన యనెడివారు. బందరు కాలువ యొడ్డున మా యూర నొక తాటాకుల పాక యుండెను. ఎఱ్ఱమన్ను జల్లించి, నూనె కలిపి, గోదా సిద్ధము చేసెడివారు. సాయంకాలము పొలమునుండి వచ్చిన పడుచువాండ్రు ముందు దండీలు, పిదప బస్కీలు, పిదప లోడీలు త్రిప్పుట, చివరకు కుస్తీ, ఇదియే క్రమము. వస్తాదు వృద్ధుడగు మహమ్మదీయుడు. అందఱిచేతను ఒకే లెక్కమీద దండీలు తీయించెడివాడట. తీయించుచునే వరుసల నడుమ తిరిగి, ఒకని నడుము వంకరను కాలితో సరిచేయును, ఒకని మోచేతిని చేతితో తట్టును.

పాక యెదుట గుండ్రాళ్లు వరుసగా నుండెడివి. మొదటిది గుమ్మడికాయంత, చివరిది ఇద్దఱు గాని కదల్పలేనంత. చిన్నది తేలికయైన నాడు దాని తరువాతిది ఎత్తవలెను. మైలో అను గ్రీకు మల్లుడు దూడను ప్రతిదినము మోయుచు, అది ఎద్దగువరకు మోసెనని కథ కలదు. నేటి శాస్త్రము చెప్పు సూత్రమును ఇదియే. అలవాటైన బరువునకు కండ పెరుగదు; అలవాటునకు ఇసుమంత మించిన బరువునకు పెరుగును. మా యూరి రాళ్ల వరుస ఆ సూత్రమునే చెప్పినది.

అయితే ఆ పాకను బంగారు పూతతో చూపుట న్యాయము కాదు. ఊరికి వెలుపలి పేటవారికి ఆ గోదాలో అడుగిడ వీలు లేకుండెను. ఆడువారి మాట చెప్పనేల? మా తల్లిగారు ఏండ్ల తరబడి రోకలి ఎత్తినది. ఆమె బలమునకు గురువును లేడు, మెప్పును లేదు. ఇక నేను! మా తండ్రిగారు నన్ను 12వ యేట అచ్చటికి తీసికొనిపోగా, చదువుకొనువానికి కుస్తీ యేల యని రెండవనాడే మానుకొంటిని. ఆయన మరల అడుగలేదు. ఆయన లోడీల జత అటకమీదికి పోయినది. కొన్నాళ్లకు పాకయు పోయినది.

పల్లెలో విద్య ఇట్లుండగా, దేశమున దానికి పేరు తెచ్చినవాడు కోడి రామమూర్తినాయుడుగారు. ఆయన 1882లో శ్రీకాకుళము ప్రాంతమందలి వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, మదరాసులో వ్యాయామ శిక్షణము పొంది, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత సర్కసు స్థాపించెను. ఱొమ్ము పొంగించి ఇనుపగొలుసు తెంచుట, కదలబోవు మోటారుకార్లను పట్టి నిలుపుట, ఏనుగును ఱొమ్ముమీదుగా నడిపించుకొనుట ఆయన ప్రదర్శనములు. జనులు కలియుగ భీముడని పిలిచిరి. ఐరోపా మల్లుడు యూజీన్ శాండో 1904-05లో మన దేశమునకు వచ్చిపోయినాడు. ఆ కాలముననే మనవాడొకడు ఇట్టి ఖ్యాతి పొందుట తెలుగువారికి గర్వకారణమైనది. ఆయన 1942లో పరమపదించెను. నేను గమనించినది ఇంకొకటి. సర్కసు చూచి చప్పట్లు కొట్టినవారు వేలు. ఇంటికి పోయి పది దండీలు తీసినవారు ఎందఱు? చూచుట వేఱు, చేయుట వేఱు. బలము ఒక్కని యద్భుతముగా నిలిచినంతకాలము అది లోకమునకు వినోదమే గాని ఆరోగ్యము కాజాలదు.

అందఱును కలసి చేయు విద్యగా దీనిని మలచుటకు జాతీయోద్యమము తోడ్పడినది. 1907లో బిపినచంద్ర పాలుగారు బెజవాడ, బందరులలో ఉపన్యసించిన పిమ్మట యువకులలో క్రొత్త యుత్సాహము పుట్టినది. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, ఆ జనసముద్రమును అదుపులో నుంచిన స్వచ్ఛందదళము దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు. కోటి సభ్యులు, కోటి రూపాయల నిధి, 20 లక్షల రాట్నములు అని తీర్మానించిన సభ యది. ఇంతటి సభ తొక్కిసలాట లేక జరుగుటకు మనుష్యులు వరుసలో నిలుచుట, ఒకే మాటకు కదలుట నేర్చి యుండవలెను. శరీరశిక్షణము కేవలము సొంత యొడలి సంగతి కాదని మనవారికి అట్లు తెలిసినది. ఆ ముందటి యేడే, 1920లో, హెచ్. సి. బక్ అను అమెరికనుడు మదరాసులో వై.ఎమ్.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పెను. వస్తాదు స్థానమున పట్టము పొందిన ఉపాధ్యాయుడు పాఠశాలలలో కాలిడ నారంభించినది ఆ కాలముననే.

మన జిల్లాలో ఈ రెండు ధారలును కలసిన పేరు దండమూడి రాజగోపాలరావుగారిది. ఉయ్యూరు చెంతనున్న గండిగుంటలో 1916లో పుట్టి, బరువులెత్తుటలో దేశమంతట పేరొందిరి. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రమున భీముడుగా నటించినది ఆయనయే. సర్కసు భీముని చూచిన తరము తరువాత వెండితెర భీముని చూచిన తరము వచ్చినది. విజయవాడలోని పురపాలక క్రీడామందిరము ఆయన పేరనే యున్నది.

ఇక తాలింఖానా గుమ్మమువద్ద ఆగిపోయిన ఆడువారి కథ. అదియు శ్రీకాకుళము జిల్లాయందే మలుపు తిరిగినది. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్నగారను శిక్షకుడు ఆడుపిల్లలచేత బరువులెత్తించెను. వారిలో నొకతెయైన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల విభాగమున, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళ ఆమెయే. రామమూర్తిగారి సీమనుండి వచ్చిన యీమె ఎత్తినది వినోదమున కెత్తిన బరువు కాదు. ఆ బరువుతో పాటు ఒక తలుపు గూడ తెఱచుకొనినది.

ఇప్పుడు నా వ్యాయామశాలకు మరలుదును. ప్రొద్దున అయిదున్నరకు ఇరువదిమందిమి చేరుదుము. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారొకరు, ఆటోనగరున లారీలు బాగుచేయువారొకరు, బ్యాంకు ఉద్యోగిని యొకతె. శిక్షకురాలు నా కూతురి యీడుది. మొదటినాడు ఆమె స్క్వాట్ అని చెప్పి చేసి చూపెను. నేను వంగితిని. "బాబాయిగారూ, మోకాళ్లు ముందుకి తోయకండి. వెనకాల కుర్చీ ఉందనుకుని కూర్చోండి" అని నా భుజము పట్టి సరిచేసెను. నాకు వెంటనే ఆ పాక, ఆ వస్తాదు మనసున మెదలిరి. ఆమె చెప్పినది బస్కీయే! నేలమీద పుష్‌అప్ అన్నది దండీకి దగ్గఱి చుట్టమే. అందఱిచేతను ఒకే లెక్కమీద చేయించుట, నడుమ తిరుగుచు ఒక్కొక్కరిని దిద్దుట — వస్తాదు పద్ధతియే. వారమునకు రెండునాళ్లు ఆమె నా యొక్కనికే విడిగా నేర్పును. బరువును కొలిచి కొంచెము కొంచెముగా పెంచును. గుండ్రాళ్ల వరుస ఇచ్చట ఇనుపబిళ్లలై యున్నది.

మొదటి మాసము సిగ్గుచేత పోయితిని. రెండవ మాసము పట్టుదలచేత. మూడవ మాసమున ఒకనాడు వాన కురిసి పోలేకపోగా దినమంతయు నాకేదో లోటుగా తోచినది. ప్రీతి యనగా నిదియే గదా యని అప్పుడు తెలిసినది. ఒంటరిగా నేను పది దినములకే మానియుందును. రైల్వే పెద్దమనిషి "నిన్న రాలేదేమండీ?" యని యడుగుటయే నన్ను నిలిపినది. గుంపు మనుష్యుని గుమ్మము దాటించును. గురువు వానిని ముందుకు నడపును. రెండును కావలెను.

నా భార్యయు ఇప్పుడు వచ్చుచున్నది. తాలింఖానా గొప్పతనము నేను చెప్పబోగా, "మీ నాన్నగారి పాకలో మమ్మల్ని గుమ్మం దాకా రానిచ్చారా?" అని యడిగెను. జవాబు లేదు. అయితే నేటి శాలకును ఒక గడప కలదు. అది నెలనెలా చెల్లింపవలసిన రుసుము. మా తండ్రిగారి వస్తాదుకు టెంకాయ, తువ్వాలు, పండుగకు కొంత ధాన్యము — అంతే. కులముచేత మూసిన తలుపును తెఱచి ధనముచేత మూయుట మనకు తగునా యని మీరును ఆలోచింపుడు. పెద్దవారు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ శ్రమింపవలెననియు, రెండు దినములైనను కండలకు పని చెప్పవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. పొలమున ట్రాక్టరు, ఇంట యంత్రము, వీధిలో మోటారుసైకిలు వచ్చిన డెల్టాకు ఈ సూచన ముఖ్యముగా వర్తించును. దీనికి అద్దాల గోడలు అక్కఱలేదు. కాలువగట్టును, పదిమందియు, తెలిసినవారొక్కరును చాలుదురు.

ఈ యేటి ఆబ్దికమున నేను పీటమీదనుండి ఎవరి చేయియు పట్టక లేచితిని. నాటి మధ్యాహ్నమే అటకమీది లోడీలను దింపి, దుమ్ము తుడిచి, మఱునాడు వ్యాయామశాలకు తీసికొనిపోయితిని. మా శిక్షకురాలు వానిని చేత పట్టి, బరువు చూచి, "వీటిని ఎలా తిప్పుతారు బాబాయిగారూ?" అని యడిగినది. నాకు తెలియదు. 12వ యేట రెండవనాడే మానుకొన్నవాడను, ఎట్లు తెలియును?

మీ యిండ్లలో లోడీ త్రిప్పిన వృద్ధులు ఇంకను ఉన్నచో, శ్రోతలారా, రేపే వారినడిగి నేర్చికొనుడు. నావలె ఆలసింపకుడు.