తోలు సీటు, తంగేడు పట్ట, మన సంఘం రాయని ఒక పేజీ

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిగ్గా చదవండి. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి. ఇంట్లో మాట తెలుగే అయినా అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాకే. తప్పులుంటే దిద్దండి, కోపం మాత్రం వద్దు.

పోయిన నెల బెంగళూరు నుంచి మా చిన్నబ్బాయి ఫోన్ చేశాడు. సైకిల్‌కి బ్రూక్స్ తోలు సీటు కొన్నాడట. దాని ధర వింటే, ఆ డబ్బుకి మా నాయన రోజుల్లో పది సైకిళ్ళు వచ్చేవి అనిపించింది. "నాన్నా, రాయి మీద కూర్చున్నట్టుంది. తిరిగి పంపించేస్తాను" అన్నాడు. "వద్దురా, మూడు నెలలు ఆగు" అన్నాను. ఎందుకు ఆగాలో చెప్పబోతే యాభై ఏళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సీటు చరిత్ర. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బోల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో తోలు వ్యాపారం పెట్టాడు. గుర్రపు సామాన్లు చేసేవాడు. సైకిల్ ఎక్కి చూస్తే సీటు భరించలేనట్టుగా ఉందని, తానే ఒకటి తయారుచేసి 1882లో పేటెంటుకి పెట్టుకున్నాడు. అప్పటికి సైకిల్ అంటే ముందు చక్రం మనిషంత ఎత్తున్న బండి. రెండు చక్రాలూ సమానంగా, వెనక చక్రానికి చెయిన్ ఉన్న రోవర్ సైకిల్‌ని స్టార్లీ కోవెంట్రీలో 1885లో తెచ్చాడు. గాలి టైరుని డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్ట్‌లో చేశాడు. మనం ఎక్కి తిరిగిన సైకిల్ ఈ పదేళ్ళ లోపు తయారైందే.

ఆ సీటు పనితనం చాలా సులభం. ఒక మందమైన తోలు ముక్క. ముందు ముక్కు దగ్గర, వెనక పట్టీ దగ్గర రివెట్లు కొట్టి ఉంటుంది. మధ్యలో ఆధారం ఏమీ లేదు, ఉయ్యాలలాగా వేలాడుతుంది. మనిషి బరువుకీ, చెమటకీ, వేడికీ తోలు మెల్లగా లొంగి, రెండు పిర్ర ఎముకల కింద రెండు చిన్న గుంటలు పడతాయి. ఆ తర్వాత అది ఆ మనిషి సీటే. ఇంకొకడు ఎక్కితే గుచ్చుతుంది.

అన్ని తోళ్ళూ ఇలా లొంగవు. చెట్టు పట్టతో పదును చేసిన తోలే ఒత్తిన ఆకారాన్ని నిలుపుకుంటుంది. క్రోమ్ ఉప్పుతో పదును చేసినది మెత్తగా ఉంటుంది, బూట్ల పైభాగానికి బాగుంటుంది, కానీ ఒత్తి వదిలితే మళ్ళీ మామూలైపోతుంది. మన మద్రాసులో క్రోమ్ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ప్రయత్నించి చూపించాడు. తర్వాత వచ్చిన క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ పేరే ఈనాటి క్రోంపేట. లోకల్ రైల్లో ఆ స్టేషన్ దాటేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

కాబట్టి సీటు కొనేటప్పుడు తిరగేసి, కోసిన అంచు చూడండి. అంచు లోపలిదాకా ఒకే గోధుమ రంగుగా ఉంటే పట్ట తోలు. నీలం బూడిద చాయ కనిపిస్తే క్రోమ్. మందం అంతటా సమానంగా ఉండాలి. బొటనవేలితో నొక్కితే గట్టిగా నిలవాలి, కొత్తలోనే మెత్తగా ఉన్నది తొందరగా జారిపోతుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళకి బరువంతా వెనక పడుతుంది, వాళ్ళకి స్ప్రింగులున్న వెడల్పు సీటు మేలు. ముందుకి వంగి తొక్కేవాళ్ళకి సన్నది చాలు.

ఇక పొన్మలై సంగతి. నాగపట్టణం నుంచి రైల్వే వర్క్‌షాపు 1928లో తిరుచ్చి పక్కన పొన్మలైకి వచ్చింది. మా నాయన అక్కడ ఫిట్టరు. తర్వాత నేనూ అక్కడే గుమస్తాగా చేరాను. సంగు మోగితే గేట్లోంచి సైకిళ్ళు ఏరులాగా వచ్చేవి. 1949లో మురుగప్ప కుటుంబం, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌వాళ్ళు కలిసి మద్రాసులో టి.ఐ. సైకిల్స్ పెట్టారు. అంబత్తూరు నుంచి వచ్చిన హెర్క్యులిస్ సైకిల్ మా ఇంటి మొదటి వాహనం. దానికి తోలు సీటు.

ఆ సీటు గట్టిగా ఉందని మా నాయన ఒక రాత్రి దాన్ని కొబ్బరి నూనెలో ఊరబెట్టాడు. పొద్దున్నకి మెత్తబడింది. రెండు నెలల్లో మధ్యలోకి జారిపోయి కింద ఇనుప కమ్మీ తగిలేదాకా వచ్చింది. నట్టు బిగించి బిగించి చూశాడు. ముక్కు పైకి లేచింది తప్ప లాభం లేదు. అప్పుడు నన్ను వెనక ఎక్కించుకుని, బ్రిడ్జి కింద గొడుగు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఆయన సీటు ఊడదీసి చూసి తల ఊపాడు. నూనె గుడ్డతో పిండినట్టు తుడిచి నీడలో ఆరబెట్టాడు. తర్వాత రెండు పక్కల అంచులకి వరసగా రంధ్రాలు పొడిచి, కింద నుంచి తోలు వారుతో బూటు లేసులాగా బిగించి కట్టాడు. జారిన సీటు మళ్ళీ నిలబడింది. మధ్యలో పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి "ఒరే, ఆ ఆరె ఇట్లా తేరా" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. "నాయనా, ఈయన మనలాగే మాట్లాడుతున్నాడు!" అన్నాను.

మా నాయన నా వైపు చూడకుండా తమిళంలో "చుమ్మా ఇరుడా" అన్నాడు. అదే తమిళంలో ఆయన్ని కూలి ఎంత అని అడిగాడు, 'నువ్వు' అనే మాటతో. వయసులో ఆయన మా నాయన కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయన కూడా తమిళంలోనే "సామీ" అని జవాబు చెప్పాడు. మేము బయలుదేరేటప్పుడు మాత్రం నాతో తెలుగులో చెప్పాడు: "చిన్నసామీ, నూనె కొంచెమే పూయాల, అదీ లోపలి పక్క. వానకి తడిస్తే నీడన ఆరేదాకా ఎక్కకూడదు. నట్టు ఊరికే తిప్పకూడదు, జారినప్పుడు పావు చుట్టు చాలు. కూచుని కూచునే అలవాటు చేయాల."

మా అబ్బాయికి ఫోన్లో చెప్పినవి ఈ మాటలే. ఆ పెద్దాయన పేరు మాత్రం చెప్పలేకపోయాను. మేము అడగలేదు కదా.

మా నాయన చెడ్డవాడు కాదు. తెలుగు అంటే ప్రాణం. సంఘానికి చందా తప్పకుండా కట్టేవాడు. అయినా ఆ రోజు తన భాషని ఒక మనిషి దగ్గర దాచుకున్నాడు. ఒప్పుకుంటే ఆయనా మనవాడు అవుతాడని.

మన సంఘం చరిత్ర రాసుకున్నప్పుడల్లా విజయనగరం, నాయక రాజులు, పాళెగాళ్ళు అని మొదలుపెడతాం. మంచిదే. ఆ కాలంలోనే తోలు పనివాళ్ళూ దక్షిణానికి వచ్చారని చరిత్రకారులు చెబుతారు. గుర్రం ఉన్నచోట జీను కావాలి, బావి ఉన్నచోట మోట తొండం కావాలి. కోయంబత్తూరు, ఈరోడ్, సేలం వైపు మోటలు తోలిన బావులన్నిటికీ తోలు తొండాలు కుట్టిన చేతులు వాళ్ళవి. వాళ్ళే అరుంధతీయులు. ఈనాటికీ ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్ళకి విడిగా మూడు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఆ చట్టంలో చేరిన ఏడు పేర్లలో 'మాదిగ', 'ఆది ఆంధ్ర' కూడా ఉన్నాయి. ప్రభుత్వం కాగితంలో ఆంధ్ర అని రాసుకుంది. మన సావనీరులో మాత్రం వాళ్ళు లేరు.

తోలు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మద్రాసు రాజధానిలో ఆవు తోళ్ళని తంగేడు పట్టతో, కరక్కాయతో పదును చేసేవారు. తమిళంలో ఆవారం అంటామే, అదే తంగేడు. ఆ తోళ్ళు ఓడల మీద ఇంగ్లండుకి పోయేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల కోసం ప్రభుత్వమే వాటిని కొన్నది. ఇవాళ తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వుకి గౌరవం దొరికింది. దాని పట్టతో చేతులు ఎర్రగా చేసుకున్నవాళ్ళ మాటేమిటి?

యలవర్తి నాయుడమ్మ గారి ఫోటో మనం సావనీరులో వేసుకున్నాం. తెనాలి దగ్గర రైతు కుటుంబంలో 1922లో పుట్టి, తోలు శాస్త్రాన్ని ఎంచుకుని, అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకి డైరెక్టరు అయ్యారు. 1985లో కనిష్క విమానంలో పోయారు. తోలు ముట్టుకోవడం చిన్నతనం అనుకునే రోజుల్లో ఆయన ఆ పని ఎంచుకున్నారు. ఆయన మనకి గర్వకారణమైతే, ఆ తోలుని తరతరాలుగా ముట్టుకున్న తెలుగువాళ్ళు మనకి ఏమవుతారు?

అందుకే నా మనవి. వచ్చే సావనీరులో ఒక్క పేజీ వాళ్ళకి ఇద్దాం. మీ ఊళ్ళో మోట తొండం కుట్టిన పెద్దలు, తంగేడు పట్ట వాసన గుర్తున్న ముసలమ్మలు ఉంటే వెళ్ళి కూర్చోండి. తెలుగులోనే మాట్లాడండి. 'మీరు' అని పిలవండి. ముందు పేరు అడగండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రాసుకోండి. మనతో మాట్లాడడం ఇష్టం లేదంటే, దానికీ కారణం ఉందని తెలుసుకుని నమస్కారం పెట్టి రండి.

అబ్బాయి సీటు వెనక్కి పంపలేదు. నిన్న ఫోన్ చేసి, ఇంకా గట్టిగానే ఉంది కానీ రెండు గుంటలు పడడం మొదలైందన్నాడు.

ఇట్లు,
మీ రిటైర్డ్ రైల్వే గుమస్తా,
తిరుచ్చి