ఒకదాని కోసం ఒకటి ఆగని లెక్కలు

బిలాస్‌పూర్‌లోని తిఫ్రాలో ఉండే ఒక తెలుగు రైల్వే కుటుంబం బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ ఫారం నింపుతోందనుకుందాం. పేరు, వయసు, తేదీ రాయాలి. వయసు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి తేదీతో పనిలేదు. మూడూ తప్పయితే ఆ సంగతి ఒక్కసారే చెప్పొచ్చు. మొదటి తప్పు దగ్గరే ఆగిపోయే ప్రోగ్రామ్ మాత్రం మనిషిని మూడుసార్లు తిప్పుతుంది. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఈ చిక్కును విప్పే సాధనం అప్లికేటివ్ ఫంక్టర్.

దానికన్నా ముందు పేరు తెచ్చుకున్నది మోనాడ్. విఫలమయ్యే లెక్కలు, స్థితిని మార్చే లెక్కలు వగైరాలన్నీ ఒకే గణిత చట్రంలో ఇముడుతాయని 1989లో యూజీనియో మోగీ చూపించాడు. ఫిలిప్ వాడ్లర్ ఆ ఆలోచనను ప్రోగ్రామర్ల దాకా తెచ్చాడు. మోనాడ్‌లో మొదటి అడుగు ఫలితం చూసి రెండో అడుగు ఎటు వేయాలో తేల్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు మూల్యం ఉంది: మొదటిది నడిస్తే తప్ప రెండోది ఏమిటో ఎవరికీ తెలియదు.

ఆ మూల్యం పార్సర్లు, అంటే రాతను వ్యాకరణం ప్రకారం విడదీసే ప్రోగ్రాములు, రాసేవాళ్లకు ముందుగా తగిలింది.

వ్యాకరణంలో ప్రతి భాగం ఏ గుర్తుతో మొదలవుతుందో ముందే తెలిస్తే, తప్పుదారి పట్టి వెనక్కి రావాల్సిన పని ఉండదు. మోనాడ్‌తో కట్టిన పార్సర్‌లో ఆ సంగతి ముందుగా తెలిసే వీల్లేదు. అందుకే 1996లో స్వియర్‌స్ట్రా, డుపోన్‌షీల్ మరో పద్ధతి పట్టారు. ముక్కల ఫలితాలను చివర్లో ఒక ఫంక్షన్ కలుపుతుంది. ఏ ముక్క తర్వాత ఏది రావాలన్నది మాత్రం మొదట్లోనే ఖరారైపోతుంది.

పార్సర్లలోనే కాదు, మాత్రికను అడ్డం నుంచి నిలువుకు తిప్పడంలోనూ ఇదే అల్లిక ఉందని కోనర్ మెక్‌బ్రైడ్, రాస్ పాటర్సన్ గుర్తించారు. 2008లో అచ్చయిన వాళ్ల పత్రంలో అప్లికేటివ్ ఫంక్టర్‌కు ఉన్నవి రెండే క్రియలు, నాలుగు నియమాలు. మామూలు విలువను అప్లికేటివ్ లోపలికి తీసుకెళ్లేది ఒక క్రియ. లోపలున్న ఫంక్షన్‌ను లోపలున్న విలువకు వర్తింపజేసేది మరొకటి. ఏ రెండు అప్లికేటివ్‌లను ఒకదానిలో ఒకటి పెట్టినా వచ్చేది అప్లికేటివే. మోనాడ్‌లకు ఆ హామీ లేదు.

ప్రతి మోనాడ్‌లోనూ ఒక అప్లికేటివ్ ఉన్నా, హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో ఆ చుట్టరికం అధికారికమైంది 2015లో, దాని కంపైలర్ జీహెచ్‌సీ 7.10తో. దాంతో పాత ప్రోగ్రాములెన్నింటికో అదనపు వరుసలు చేర్చాల్సి వచ్చింది.

ఆలోపే ఫేస్‌బుక్‌లో అప్లికేటివ్‌కు పెద్ద పని దొరికింది. స్పామ్‌ను పట్టే నియమాల కోసం సైమన్ మార్లో బృందం హాక్సెల్ అనే లైబ్రరీ రాసి 2014లో బయటపెట్టింది. ఒకదానిపై ఒకటి ఆధారపడని డేటా అభ్యర్థనలను అది గుత్తగా పంపుతుంది. అయితే, ఏవి విడివిడివో ప్రోగ్రామరే చూసుకుని అప్లికేటివ్ రూపంలో రాయాల్సి వచ్చేది. 2016లో వచ్చిన జీహెచ్‌సీ 8.0లో అప్లికేటివ్‌డూ అనే ఐచ్ఛిక సదుపాయం చేరింది. మోనాడ్ శైలిలో వరుసగా రాసుకుపోయినా, విడదీయగల వాటిని ఇప్పుడు కంపైలరే వెతికి వేరుచేస్తుంది.