తేనెటీగ నుంచి ఛోటా హాథీ దాకా: మన సరుకు మోసే చిన్న బండి కథ



ఈసారి పంట గురించి కాదు, పంటను మోసే బండి గురించి రాస్తున్నా. తెల్లారకముందే కూరగాయల బాక్సులు ఎక్కించుకుని టౌనుకు పోయే ట్రాలీ ఆటో, టాటా ఏస్ ఇప్పుడు మనకు మామూలే. కానీ ఇవి రాకముందు మన సరుకు ఎక్కడ అమ్ముడుపోవాలో తేల్చింది మనం కాదు, లారీ. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

కథ ఇటలీలో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఆ దేశం చితికిపోయింది. పాంటెడెరా అనే ఊళ్ళో విమానాలు తయారుచేసే పియాజియో ఫ్యాక్టరీ బాంబుల దెబ్బకు కూలిపోయింది. విమానాలు కొనేవాళ్ళు లేరు. జనం దగ్గర లారీ కొనే డబ్బూ లేదు. అప్పుడు కొర్రాడినో దస్కానియో అనే ఇంజనీరు ఆ కంపెనీకి 1946లో వెస్పా స్కూటర్ చేసిపెట్టాడు. రెండేళ్ళకల్లా అదే స్కూటర్‌కు వెనక రెండు చక్రాలు, ఒక తొట్టి బిగించి సరుకు బండి చేశారు. మోసేది 200 కిలోలే. దాని పేరు ఆపే. ఇటలీ భాషలో వెస్పా అంటే కందిరీగ, ఆపే అంటే తేనెటీగ. మనం ఈ రోజుకీ "ఆపే ఆటో" అంటున్నామే, ఆ పేరు అక్కడిదే. పేరుకు ఆపే గానీ, 75 ఏళ్ళు దాటినా ఆగలేదు!

మన దేశంలో ఈ బండ్ల తయారీ 1950ల చివర్లో మొదలైంది. బజాజ్ టెంపో కంపెనీ జర్మనీ వాళ్ళ మూడు చక్రాల బండిని తయారుచేసింది. టెంపో అనేది ఆ జర్మన్ కంపెనీ బ్రాండు పేరు. జనం నోట్లో పడి బండి పేరే అయిపోయింది. బజాజ్ ఆటోకు 1959లో లైసెన్సు వచ్చింది, పియాజియోతో ఒప్పందం మీద స్కూటర్లు, ఆటోలు మొదలయ్యాయి. కానీ అది లైసెన్సుల కాలం. ఎన్ని బండ్లు చేయాలో కూడా సర్కారే చెప్పేది. 1990ల చివర్లో పియాజియో తానే మహారాష్ట్రలోని బారామతిలో డీజిల్ ఆపే తయారుచేయడం మొదలుపెట్టాక పల్లెల్లో సరుకు ఆటోల సందడి పెరిగింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 2000-01లో లారీల గిరాకీ పడిపోయి టాటా మోటార్స్‌కు 500 కోట్ల దాకా నష్టం వచ్చింది. చిన్న సరుకు బండి చేసే పని గిరీష్ వాఘ్ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. ఆయన బృందం ముందు గీతలు గీయలేదు. ఊళ్ళు తిరిగి మూడు చక్రాల బండ్ల వాళ్ళను "మీకేం కావాలి?" అని అడిగింది. ఒకాయన చెప్పిన మాట తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది: నాలుగు చక్రాల బండి ఉంటే మంచి పెళ్ళి సంబంధం వస్తుందని! నవ్వకండి, మన ఊళ్ళలో లెక్క కూడా అదే కదా. 2005 మేలో టాటా ఏస్ బయటికొచ్చింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముప్పావు టన్ను లోడు, ధర సుమారు రెండుంబావు లక్షలు. జనం ఛోటా హాథీ అన్నారు, అంటే చిన్న ఏనుగు. ఏడేళ్ళలో పది లక్షల బండ్లు అమ్ముడయ్యాయి.

ఎందుకంత గిరాకీ? హైవేలు వెడల్పయ్యే కొద్దీ లారీలు పెద్దవయ్యాయి. పట్టణాల్లో చూస్తే పగలు పెద్ద లారీలకు ప్రవేశం లేదు, సందులు ఇరుకు. లారీ దిగిన చోటు నుంచి దుకాణం దాకా మోయడానికి చిన్న బండే దిక్కయింది.

ఇప్పుడు మన లెక్కకొద్దాం. టమాటా బాక్సు 25 కిలోలు అనుకుంటే, ముప్పావు టన్ను అంటే 30 బాక్సులు. చిన్న రైతు ఒక కోతకు దాదాపు సరిపోతుంది. పది టన్నుల లారీ నిండాలంటే 400 బాక్సులు కావాలి. అంటే ఊళ్ళో అందరి కోతా ఒకేరోజు పడాలి, లేదా లారీ తెచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకు తలూపాలి. చిన్న బండి వచ్చాక, ఈ మార్కెట్లో రేటు లేకపోతే ఇంకో మార్కెట్‌కో రైతు బజారుకో పోయే వీలు కలిగింది. 1999లో మొదలైన రైతు బజార్లు నడవాలన్నా రైతు కొద్ది సరుకుతో పొద్దున్నే టౌనులో దిగగలగాలి కదా.

అలాగని అంతా లాభమే కాదు. ఊళ్ళో బండ్లు ఎక్కువైతే కిరాయి పడిపోతుంది, ఈఎంఐ మాత్రం తగ్గదు. ఆ బండి తోలేది కూడా మన రైతు బిడ్డే. ఆ భారం పూడ్చుకోవడానికే ఓవర్‌లోడు. మిరప కోతల్లో, పత్తి తీతల్లో కూలీ అక్కచెల్లెళ్ళను కుక్కి తీసుకుపోయే ఆటోలు బోల్తాపడ్డ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. సరుకు కోసం చేసిన తొట్టిలో మనుషుల్ని ఎక్కించకండి. ఇది గట్టిగా చెబుతున్నా.

ఇప్పుడు మళ్ళీ మలుపు, కరెంటు బండి. 2023లో 5 లక్షల 80 వేలకు పైగా ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్లు అమ్మి మన దేశం చైనాను దాటేసింది. టాటా ఏస్‌లోనూ 2022లో ఎలక్ట్రిక్ వచ్చింది. మహీంద్రా వాళ్ళు మన జహీరాబాద్‌లోనే ఆటోలు తయారుచేస్తున్నారు. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు చేసిన ఫ్యాక్టరీ అది.

కరెంటు బండికి కిలోమీటరు ఖర్చు డీజిల్ కన్నా బాగా తక్కువ. కానీ ఇవి ముందుగా టౌను వీధుల కోసం చేసినవి. మనం కొనే ముందు మూడు చూసుకోవాలి: పొలం నుంచి మార్కెట్‌కు పోనురాను ఎంత దూరం, నిండు లోడుతో ఒక్క ఛార్జికి అంత దూరం వస్తుందా, రాత్రి ఛార్జింగుకు మన ఊళ్ళో కరెంటు నిలకడగా ఉంటుందా. కంపెనీ చెప్పే మైలేజీ చూసి కాదు, మన దారిలో నడుపుతున్న వాణ్ణి అడిగి తేల్చుకోండి.

ఇంకో మాట. ఒక్కొక్కరూ అప్పు చేసి బండి కొనడం కంటే, నలుగురైదుగురు రైతులు కలిసి ఒక బండి పెట్టుకుని, పోయేటప్పుడు కూరగాయలు, వచ్చేటప్పుడు ఎరువులు, దాణా వేసుకుంటే ఖాళీ తిరుగుడు తప్పుతుంది. బండి చిన్నదైనా పగ్గం మన చేతిలో ఉండాలి.

మీ ఊళ్ళో మొదట వచ్చిన చిన్న బండి ఏది? ఇప్పుడు మార్కెట్‌కు బాక్సుకు ఎంత కిరాయి పడుతోంది? కామెంట్లో రాయండి, పక్క ఊరి రైతుకు పనికొస్తుంది.