శ్రుతలేఖనం నుండి శ్రవణ పరీక్ష వరకు

1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ స్థానిక పరీక్షల సిండికేటు ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షను ప్రారంభించింది. తమ దేశాల్లో ఇంగ్లీషు బోధించదలచిన విదేశీయులకు ఉద్దేశించినది అది. తొలి ఏడు ముగ్గురు హాజరయ్యారు. ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు.

పరీక్షాకాలం సుమారు 12 గంటలు. ఫ్రెంచి లేదా జర్మన్ అనువాదాలు, వ్యాకరణం, వ్యాసం, సాహిత్యం అందులో సింహభాగం. పదజాలానికి వేరే పత్రం లేదు. అనువాదమే దానికి గీటురాయి. ధ్వనిశాస్త్రానికి గంటన్నర కేటాయించగా, శ్రుతలేఖనానికి అరగంట, పఠన సంభాషణలకు మరో అరగంట దక్కాయి. ఇక్కడ పఠనమంటే బిగ్గరగా చదవడం. పరీక్షకుడు చూసేది ప్రధానంగా ఉచ్చారణనే. శ్రుతలేఖనంలోనూ విన్నదానికి సాక్ష్యం రాతే. అర్థమైనా వర్ణక్రమం తప్పితే నష్టమే. (మన బడుల్లో ‘డిక్టేషన్’ ఇప్పటికీ ప్రధానంగా స్పెల్లింగు పరీక్షే.) కనుక ఆ ముగ్గురి వైఫల్యాన్ని ఇంగ్లీషు అర్థం కాకపోవడంగా వ్యాఖ్యానించడం తొందరపాటు.

ధ్వనిశాస్త్ర పత్రాన్ని 1932లో తొలగించారు. విని గ్రహించడం మాత్రం 1975 సంస్కరణతోనే ప్రత్యేక పత్రమైంది. ఈ జాప్యాన్ని టేపు రికార్డరు లేమికి ఆపాదించడం సగం సమాధానమే. పరీక్షకుడి గొంతు 1913లోనూ ఉంది. శ్రవణాన్ని స్వతంత్ర సామర్థ్యంగా చూసే దృష్టే లేదు.